ఫ్లాట్‌గా పోయే తూటా కోసం: కుందేళ్ల వేటకి చేతి తుపాకీ ఎంపిక, టెక్సస్ డైరీ

కావాల్సింది ఇది. 25 నుంచి 75 గజాల మధ్య కుందేలు ఎక్కడ కూర్చున్నా, పైకి పెట్టాలా కిందకి పెట్టాలా అని ఆలోచించకుండా గుర్తుని నేరుగా దాని మీదే పెట్టి కాల్చగలిగే తూటా, అదీ నడుముకి కట్టుకుని తిరగగలిగే తుపాకీలో. రైఫిల్ అయితే ఈ సమస్యే లేదు, 24 అంగుళాల బారెల్‌లో .17 (బుల్లెట్ మందం, అంగుళాల్లో) తూటా పెట్టుకుని 100 గజాల దాకా నిశ్చింతగా కాల్చొచ్చు. బారెల్ ఏడు అంగుళాలకి తగ్గేసరికి పెట్టె మీద రాసిన అంకెలేవీ పనికిరావు. ఇంటర్నెట్‌లో దొరికే పట్టికలు చాలావరకు రైఫిల్ బారెల్‌తో తీసినవే. అందుకే సొంతంగా కొలవాల్సి వచ్చింది, ఆ కొలతలే ఇక్కడ రాస్తున్నా.

చోటు పశ్చిమ టెక్సస్, సాన్ యాంజెలో వైపు, ఒక పెద్దాయన రాంచ్, ఆయన అనుమతితో. మెస్కీట్ పొదలు, సున్నపురాయి నేల, ఎప్పుడూ గాలి. వేట రెండు రకాలు: కాటన్‌టెయిల్ కుందేలు, కిలో నుంచి కిలోన్నర ఉంటుంది, తినడానికి బాగుంటుంది. రెండోది జాక్‌రాబిట్, రెండు మూడు కిలోలు, మన పొలాల్లో తిరిగే చెవులపిల్లికి దగ్గర చుట్టం, గట్టి ప్రాణం.

చట్టం గురించి ముందే చెప్తా, ఎందుకంటే ఇది చదివి ఊళ్లో ఎవరైనా ప్రయత్నిస్తే నాకు టెన్షన్. భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి కుందేలుని చంపడం నేరం. టెక్సస్‌లో కుందేళ్లకి సీజన్ అంటూ లేదు, ప్రైవేటు భూమిలో ఏడాది పొడవునా వేటాడొచ్చు, కానీ వేట లైసెన్సు తప్పనిసరి. అది ఆగస్టు 31తో ముగుస్తుంది కాబట్టి సెప్టెంబరులో తీసుకుంటే ఏడాది కలిసొస్తుంది. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి ఉండాలి. హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లకి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటాలు గానీ మామూలుగా నిషేధం, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉండటం దానికున్న మినహాయింపుల్లో ఒకటి. డీలర్ దగ్గర నింపే 4473 ఫారంలో ఈ ప్రశ్న సూటిగా అడుగుతారు. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది స్నేహితుడి తుపాకీ చేతిలోకి తీసుకోవడం దీని కిందకి రాదనుకుంటారు, వస్తుంది.

దశ 1: ముందు చెయ్యి కొలవడం

తుపాకులు పెట్టుకునే ఒక అన్న ఉన్నాడు, వరంగల్ మనిషి, ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్లు. క్యాలిబర్ గురించి అడిగితే, "తమ్ముడూ, ముందు పేపర్ ప్లేటు కొట్టు, తూటా సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. ఆయన చెప్పినట్టే మొదలుపెట్టా. ఇంట్లో అప్పటికే ఉన్న .22 పిస్టల్, 5.5 అంగుళాల బారెల్, రెడ్ డాట్ సైటు.

1. స్టీలు గ్లాసు అంచుతో పేపర్ ప్లేటు మీద సున్నా గీశా, అడ్డంగా సరిగ్గా 3 అంగుళాలు. జాక్‌రాబిట్ ఛాతీ దాదాపు అంతే. కాటన్‌టెయిల్ ఛాతీ రెండున్నర, తల ఒకటిన్నర.
2. దూరం లేజర్ రేంజ్‌ఫైండర్‌తో కొలిచి మేకులు కొట్టా.
3. అయిదేసి తూటాల గ్రూపులు, కూర్చుని, కర్రల స్టాండు మీద చెయ్యి ఆనించి. బెంచీ మీద కాదు. పొలంలో బెంచీ ఉండదు.
4. అన్నిటికంటే ఎడంగా ఉన్న రెండు రంధ్రాల మధ్య దూరం కొలిచి సగటు తీశా.

వచ్చినవి:

25 గజాలు: 1.1 అంగుళం
50 గజాలు: 2.3
60 గజాలు: 2.9
75 గజాలు: 4.2
నిలబడి, ఆసరా లేకుండా, 25 గజాల్లోనే: 4 అంగుళాల పైన

ఈ అంకెలతోనే సగం ప్రశ్న తేలిపోయింది. 75 గజాల్లో నా గ్రూపు 4.2, కుందేలు ఛాతీ 3. అంటే తూటా గీత గీసినట్టు నిటారుగా వెళ్లినా నాకు 75 గజాలు లేవు. 60 దగ్గర హద్దు. పైన రాసుకున్న '25 నుంచి 75' కొట్టేసి '25 నుంచి 60' అని మార్చా. నిలబడి కాల్చడం పూర్తిగా వదిలేశా.

కొంత దోషం తుపాకీది కాకుండా ట్రిగ్గర్‌ది కావచ్చని అదీ తూచా. ఇండియా వెళ్లేటప్పుడు సూట్‌కేసు తూచే చేతి త్రాసు ఉంటుంది కదా, దాని కొక్కానికి తాడు కట్టి, తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, ట్రిగ్గర్ లాగి చూశా. 2.3 కిలోలు వచ్చింది. అన్న దగ్గరున్న సింగిల్ యాక్షన్ (ప్రతిసారీ హ్యామర్ వేలితో ఎక్కించాల్సిన) రివాల్వర్ 1.8. ఆ అర కిలో తేడా కాగితం మీద చిన్నదే గానీ, 50 గజాల్లో బాగా తెలుస్తుంది.

ఖర్చు: కర్రల స్టాండు 45 డాలర్లు, .22 తూటాలు 500కి 45, ప్లేట్లు 6, రేంజ్‌ఫైండర్ 110.
ఇప్పటిదాకా: 206 డాలర్లు

దశ 2: ఎవరిని లెక్కలోకి తీసుకోవాలి

ఈ వెతుకులాట కొత్తది కాదు. .22 మ్యాగ్నమ్ 1959లో వచ్చింది. 1961లో రెమింగ్టన్, స్మిత్ అండ్ వెసన్ కలిసి .22 జెట్ అనే తూటాని, దానికోసం మోడల్ 53 అనే రివాల్వర్‌ని తెచ్చాయి, ఉద్దేశం అచ్చంగా ఇదే, చేతి తుపాకీతో చిన్న జంతువులని దూరం నుంచి కొట్టడం. తూటా సీసా ఆకారంలో, ఏటవాలుగా సన్నబడేది. పేలినప్పుడు ఖాళీ డొక్కు వెనక్కి జరిగి ఫ్రేముకి ఒత్తుకుని సిలిండర్ తిరగకుండా పట్టేసేది. సిలిండర్ గదుల్లో కొంచెం నూనె ఉన్నా చాలు, అదే పని. రెండేళ్ల తర్వాత 1963లో వచ్చిన .221 ఫైర్‌బాల్ ఆ గొడవ లేకుండా పోయింది, ఎందుకంటే దాన్ని రివాల్వర్‌లో పెట్టలేదు, ఎక్స్‌పీ-100 అనే బోల్ట్ యాక్షన్ పిస్టల్‌లో పెట్టారు. అది వేగంలో వీటన్నిటినీ మించిపోతుంది, కానీ అది నడుముకి కట్టుకునే వస్తువు కాదు. ఒకే తూటా పట్టే కంటెండర్ లాంటివాటిలో .22 హార్నెట్ వాడేవాళ్లూ ఉన్నారు. అదే కారణంతో పక్కన పెట్టా, పైగా తూటా ఖరీదు.

5.7x28: సెమీ ఆటోమేటిక్, ఫ్లాట్‌గా పోతుంది, నిజమే. కానీ ఒక్కో తూటా అర డాలరు పైన. వారం వారం ప్రాక్టీసు చేసే పనికి కాదు.

.357: తుపాకీ అయితే ఉంది. మెల్లగా పోయే వాడ్‌కట్టర్ (చదును ముక్కు) తూటాలతో మాంసం పాడవ్వదు గానీ 50 గజాలకే చాలా కిందకి జారుతుంది. మ్యాగ్నమ్ లోడు పెడితే కుందేలులో మిగిలేది ఏమీ ఉండదు. .327 ఫెడరల్ మీద నాకు మనసు ఉంది, అది సొంతంగా తూటాలు నింపుకునేవాళ్లకి మంచి దారి, నేను నింపుకోను.

మిగిలినవి మూడు: .22 ఎల్‌ఆర్ (లాంగ్ రైఫిల్, అంటే మామూలు .22), .22 మ్యాగ్నమ్, .17 హెచ్‌ఎంఆర్. చివరిది 2002లో హోర్నడీ తెచ్చింది, .22 మ్యాగ్నమ్ డొక్కు మెడనే సన్నం చేసి .17 బుల్లెట్ పెట్టినది.

దశ 3: క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం)

కొనకముందే కొలవాలి కాబట్టి అన్న దగ్గర రెండు రివాల్వర్లు అరువు తీసుకున్నా. ఒకటి .17, రెండోది రూగర్ సింగిల్-సిక్స్ హంటర్, 7.5 అంగుళాల బారెల్, దానికి రెండు సిలిండర్లు వస్తాయి, ఒకటి ఎల్‌ఆర్‌కి, ఒకటి మ్యాగ్నమ్‌కి.

మొదటి పూట కొలతలన్నీ చెత్తబుట్టలోకి పోయాయి. క్రోనోగ్రాఫ్‌ని తుపాకీ మూతికి అయిదడుగుల్లో పెడితే ఒక తూటాకి సెకనుకి 1,340 అడుగులు, తర్వాతదానికి 2,900, ఆ తర్వాత ఎర్రర్. బుల్లెట్‌ని కాక పేలుడు గాలిని చూసి లెక్కేస్తోంది, రివాల్వర్‌కి బారెల్ ముందు ఒకటి, సిలిండర్ సందు దగ్గర ఇంకొకటి, రెండు పేలుళ్లు. 12 అడుగులకి జరిపి, పైన తెల్ల ప్లాస్టిక్ గొడుగులు పెట్టాక కుదురుకుంది. ట్యూబ్‌లైట్ల కింద ఇండోర్ రేంజ్‌లో ప్రయత్నించకండి, ఆ లైట్ల వణుకుడుకి సెన్సర్లు తికమకపడతాయి.

సగటు వేగాలు, సెకనుకి అడుగుల్లో, పక్కన రైఫిల్ బారెల్‌కి కంపెనీ చెప్పే వేగం (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత, హాలో పాయింట్ అంటే ముక్కులో గుంట ఉన్న బుల్లెట్):

.22 ఎల్‌ఆర్, 40 గ్రెయిన్ స్టాండర్డ్: 1,000 (కంపెనీ లెక్క 1,070)
.22 మ్యాగ్నమ్, 40 గ్రెయిన్ హాలో పాయింట్: 1,345 (1,875)
.17 హెచ్‌ఎంఆర్, 17 గ్రెయిన్ ప్లాస్టిక్ ముక్కు: 1,930 (2,550)

ఎల్‌ఆర్ దాదాపు ఏమీ కోల్పోలేదు. మిగతా రెండూ సెకనుకి 500, 600 అడుగులు పోగొట్టుకున్నాయి. వాటి మందు మెల్లగా కాలేది, పొడుగు బారెల్ కోసం వేసినది, పొట్టి బారెల్‌లో మిగిలింది బయట మంటగా కాలుతుంది. ఆ మంటకి, చప్పుడుకి మనం డబ్బులు కడుతున్నాం అన్నమాట. చప్పుడు అంటే మామూలుగా కాదు, చెవుల్లో ఇయర్‌ప్లగ్‌లు పెట్టి దానిపైన మఫ్‌లు కూడా పెట్టుకోవాలి. 140 డెసిబెల్ దాటిన ఒక్క పేలుడుకే వినికిడి దెబ్బతినొచ్చు, ఈ మూడూ ఆ హద్దు దాటేవే.

ఈ వేగాలతో, స్కోపు బారెల్‌కి ఒకటిన్నర అంగుళం పైన ఉందనుకుని వేసిన లెక్క. జీరో అంటే బుల్లెట్ సరిగ్గా గురి మీదే తగిలేలా సైటు సరిచేసిన దూరం. ప్లస్ అంటే గురికి పైన, మైనస్ అంటే కింద, అన్నీ అంగుళాల్లో:

.22 ఎల్‌ఆర్ (50 గజాల్లో జీరో): 25లో +0.4, 60లో -0.9, 75లో -3.0, 100లో -8.7
.22 మ్యాగ్నమ్ (60లో జీరో): 25లో +0.2, 50లో +0.4, 75లో -1.2, 100లో -4.7
.17 హెచ్‌ఎంఆర్ (75లో జీరో): 25లో -0.2, 50లో +0.3, 100లో -1.3

కాగితం మీద .17 గెలిచింది, అందులో వాదన లేదు. కానీ దశ 1 హద్దు 60 గజాలు కదా. ఆ 60 లోపల మూడూ గురికి ఒక అంగుళం లోపే ఉన్నాయి, నా గ్రూపేమో 2.9. ఫ్లాట్‌నెస్ కోసం పెట్టే డబ్బంతా నేను కొట్టలేని దూరంలో పనికొచ్చేది.

ఖర్చు: క్రోనోగ్రాఫ్ 120, మ్యాగ్నమ్ తూటాలు మూడు రకాలు ఒక్కో పెట్టె 18 చొప్పున 54, .17 రెండు పెట్టెలు 36.
ఇప్పటిదాకా: 416 డాలర్లు

దశ 4: గాలి

ఇక్కడే నాకు అసలు ఆసక్తి మొదలైంది. అడ్డంగా గంటకి 10 మైళ్ల గాలి వీస్తే ఎంత పక్కకి పోతుందో లెక్క:

75 గజాల్లో: .22 ఎల్‌ఆర్ 1.6 అంగుళాలు, .17 హెచ్‌ఎంఆర్ 2.2, .22 మ్యాగ్నమ్ 3.0
100 గజాల్లో: 3.0, 4.1, 5.3

మెల్లగా పోయే ఎల్‌ఆర్ అన్నిటికంటే తక్కువ కొట్టుకుపోతుంది! ఎందుకంటే గాలికి పక్కకి జరిగేది మొత్తం ప్రయాణ సమయాన్ని బట్టి కాదు, గాలి నిరోధం వల్ల దారిలో ఎంత సమయం ఆలస్యమైందో దాన్ని బట్టి. శబ్ద వేగం సెకనుకి సుమారు 1,125 అడుగులు. దాని పైనుంచి బయల్దేరి ఆ వేగం వైపు దిగే బుల్లెట్‌ని గాలి బాగా పట్టి లాగుతుంది, మ్యాగ్నమ్ చేసేది అదే. ఎల్‌ఆర్ స్టాండర్డ్ మొదటినుంచీ ఆ హద్దు కిందే ఉంటుంది. అందుకే టార్గెట్ షూటర్లు హై వెలాసిటీ .22లు వాడరు.

కిందకి జారడం దూరం తెలిస్తే సరిపోతుంది, 110 డాలర్ల రేంజ్‌ఫైండర్ ఆ సంగతి చూసుకుంటుంది. సాయంత్రం పూట కుందేలు కదలకుండా కూర్చుంటుంది, కొలిచే టైము ఉంటుంది. గాలికి అలాంటి మీట నొక్కే పరికరం లేదు. నా దగ్గర గాలి ఎంతుందో చిన్న పంఖా మీటరు చెప్తుంది గానీ 60 గజాల అవతల పొద పక్కన ఎంతుందో చెప్పదు. దీంతో నిబంధన ఒకటి పెట్టుకున్నా: పొడవాటి గడ్డి వంగి లేవకుండా అలాగే ఉండిపోతే ఆ పూట 40 గజాలకి మించి కాల్చను.

బయట నిజంగా కాల్చి చూసినా లెక్కకి దగ్గరగానే వచ్చింది, ఎడమ నుంచి గాలి ఉన్న మధ్యాహ్నం 75 గజాల్లో మ్యాగ్నమ్ గ్రూపు మొత్తం కుడికి రెండున్నర అంగుళాలు జరిగింది. ఎల్‌ఆర్ గ్రూపు పెద్దదిగా ఉండి జరిగిందో లేదో చెప్పడం కష్టమైంది.

దశ 5: మాంసం

.17తో కాటన్‌టెయిల్, సుమారు 40 గజాలు, భుజం వెనక. అక్కడే పడింది, ఒక్క కదలిక లేదు. కానీ తోలు తీస్తే రెండు ముందు కాళ్లు, పక్కటెముకలు, నడుము మొదలు దాకా రక్తం గడ్డకట్టిన జెల్లీ, అందులో రాగి తొడుగు తునకలు. ఆ బుల్లెట్ తగలగానే పగిలిపోవడానికే చేసినది, పొలాలు పాడుచేసే ప్రెయిరీ డాగ్‌ల కోసం. తప్పు దానిది కాదు, పని వేరు.

శుభ్రం చేశాక వంటకి మిగిలిన మాంసం, ఎముకతో, దాదాపు ఒకే సైజు కాటన్‌టెయిల్స్:

.17, ఛాతీ: 340 గ్రాములు
.22 మ్యాగ్నమ్ హాలో పాయింట్, ఛాతీ: 520
.22 ఎల్‌ఆర్, తల: 600

ఇంత తక్కువ నమూనాతో తీర్పు చెప్పకూడదని తెలుసు. అయినా 340కి 600కి మధ్య తేడా చూశాక .17 రివాల్వర్‌ని అన్నకి తిరిగిచ్చేశా. ఇంకో కారణం, వరసగా కాల్చి వేడెక్కాక సిలిండర్ తిప్పడానికి బిగుతుగా వచ్చింది, ఆ సీసా మెడ కథే మళ్లీ గుర్తొచ్చింది.

మరి ఎల్‌ఆర్‌తో ఆగిపోవచ్చు కదా అంటే, కాటన్‌టెయిల్‌కి ఆగిపోవచ్చు. జాక్‌రాబిట్ దగ్గరే ఇబ్బంది. 50 గజాలు దాటాక ఎల్‌ఆర్ ఛాతీలో తగిలినా పరిగెత్తి పొదలో దూరిన సందర్భం చూశాను, వెతికి పట్టుకునేసరికి చీకటి పడింది. అది నాకు నచ్చలేదు. మూతి దగ్గర శక్తి ఎల్‌ఆర్‌కి 89 అడుగు-పౌండ్లు, .17కి 141, మ్యాగ్నమ్‌కి 161. వేగం తక్కువైనా బరువు ఉంది, 40 గ్రెయిన్లంటే 2.6 గ్రాములు, .17 బుల్లెట్ 1.1 గ్రాములే.

వంట సంగతి కూడా రాస్తా, అడుగుతారు కాబట్టి. తోలు తీసేటప్పుడు చేతులకి గ్లవ్స్ తప్పనిసరి. కుందేళ్ల నుంచి తులరీమియా అనే జబ్బు వస్తుంది, కాలేయం మీద తెల్లటి చుక్కలుంటే ఆ జంతువుని పడేయడమే. బాగా ఉడికించాలి. జాక్‌రాబిట్ ముదురు మాంసం, పెరుగులో రాత్రంతా నానబెట్టి కుక్కర్‌లో ఏడెనిమిది విజిళ్లు, ఆ తర్వాతే మసాలా. కాటన్‌టెయిల్‌కి ఈ బాధ లేదు, మిరియాల వేపుడు చాలు.

దశ 6: కొనుగోలు

తేల్చుకున్నది: .22 మ్యాగ్నమ్, రెండు సిలిండర్ల రివాల్వర్‌లో. నిజానికి మ్యాగ్నమ్ వైపు తూకం వాల్చింది రెండో సిలిండరే. మ్యాగ్నమ్ తూటా ఒక్కోటి 36 సెంట్లు, ఎల్‌ఆర్ 9 సెంట్లు. అదే ట్రిగ్గర్, అదే పిడి, అదే స్కోపుతో నాలుగో వంతు ఖర్చుకి ప్రాక్టీసు.

అన్న దానిలాంటిదే సింగిల్-సిక్స్ హంటర్ సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది, డీలర్ ద్వారా. హంటర్ మోడలే ఎందుకంటే దాని బారెల్ మీద ఉన్న పట్టీకి స్కోపు రింగులు కూర్చునే గాడులు ఉంటాయి, మామూలు సింగిల్-సిక్స్‌కి ఉండవు. కొనేముందు షాపులో చూసినవి:

1. సిలిండర్‌కి, బారెల్‌కి మధ్య సందు, ఫీలర్ గేజితో. మ్యాగ్నమ్ సిలిండర్‌తో 0.005 అంగుళం, ఎల్‌ఆర్‌తో 0.007. రెండూ పర్వాలేదు.
2. హ్యామర్ ఎక్కించి సిలిండర్‌ని వేళ్లతో కదిపితే ఆట ఎంతుందో.
3. రెండు సిలిండర్లూ ఈ తుపాకీవేనా అని, అంటే ఎక్కించి ఆరు గదులూ తిప్పి చూడటం.
4. ట్రిగ్గర్, మళ్లీ సూట్‌కేసు త్రాసు. 1.9 కిలోలు.

ఒక హెచ్చరిక. ఎల్‌ఆర్ తూటా మ్యాగ్నమ్ సిలిండర్‌లోకి సులువుగా జారిపోతుంది, వదులుగా. కాల్చకూడదు, డొక్కు చీలి వేడి గాలి వెనక్కి తన్నుతుంది. నేను రెండు రకాల తూటాలని ఒకే జేబులో, ఒకే సంచిలో పెట్టను.

ఖర్చు: రివాల్వర్ 780, రెండింతలు చూపించే పాత పిస్టల్ స్కోపు 140.
ఇప్పటిదాకా: 1,336 డాలర్లు

దశ 7: జీరో

ఎక్కువ తూటాలు తిన్నది ఈ దశే. ఇసుక సంచి కోసం ఖాళీ సోనా మసూరి బియ్యం సంచి వాడా. మూడో గ్రూపుకే సంచి పక్కన నల్లగా కాలి చిల్లు పడింది, సిలిండర్ సందులోంచి వచ్చే మంటకి. అక్కడ వేలు ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి. సంచిని వెనక్కి జరిపి, మణికట్ల కింద పెట్టుకున్నా.

తర్వాత స్కోపు రింగుల మరలు. గ్రూపు ఉన్నట్టుండి 1.6 నుంచి 3.5 అంగుళాలకి పెరిగింది, అదీ నిలువుగా. తూటాలు మార్చి చూశా, బారెల్ తుడిచి చూశా, లాభం లేదు. చివరికి ముందు రింగు మర పావు చుట్టు వదులు. విప్పి, నూనె తుడిచి, నీలం రంగు మర జిగురు చుక్క వేసి బిగించాక మళ్లీ కదల్లేదు.

మూడు రకాల మ్యాగ్నమ్ తూటాలు, 50 గజాలు, సంచి మీద:

40 గ్రెయిన్ హాలో పాయింట్: 1.6 అంగుళాలు
40 గ్రెయిన్ పూర్తి తొడుగు: 1.9
30 గ్రెయిన్ ప్లాస్టిక్ ముక్కు: 2.4

30 గ్రెయిన్‌ది మూడింటిలోకీ వేగమైనది, ఫ్లాట్‌గా పోయేది, నా తుపాకీకి మాత్రం పడలేదు. మీ తుపాకీకి పడొచ్చు, ఒక్కో పెట్టె కొని చూసుకోవాల్సిందే. పూర్తి తొడుగుది మాంసాన్ని బాగా కాపాడుతుంది, కానీ సన్నటి రంధ్రం చేసి అవతలికి వెళ్లిపోతుంది, తలకైతే సరే, ఛాతీకి వద్దు. పైగా ఈ రాతి నేల మీద ఎగిరి పక్కకి పోయే ప్రమాదం ఎక్కువ. పెట్టె మీదే మైలు దాటి వెళ్తుందని హెచ్చరిక ఉంటుంది. కుందేలు వెనక మట్టి గట్టు లేకపోతే ఏ బుల్లెట్‌తోనూ కాల్చను.

సంచి మీద 60 గజాలకి జీరో చేసి, కర్రల స్టాండు మీదకి మారితే గ్రూపు మొత్తం దాదాపు రెండంగుళాలు కిందకి దిగింది. సంచి గట్టిగా ఉంటే తుపాకీ పైకి ఎగిరి తన్నుతుంది, కర్రల మీద చేతుల్లో కొంచెం కుంగుతుంది, బుల్లెట్ ఇంకా బారెల్ లోపలుండగానే ఈ కదలిక మొదలవుతుంది. రైఫిల్ వాళ్లకి ఇది పెద్దగా తెలియదు. కాబట్టి సంచి మీద జీరో కొట్టేసి, కూర్చుని, కర్రల మీద, పొలంలో పట్టుకునే పట్టుతోనే మళ్లీ చేశా. సంచి తూటాల పోలికకి మాత్రమే.

ఖర్చు: మ్యాగ్నమ్ హాలో పాయింట్, ఒకే లాట్ నంబరు (ఒకే విడతలో తయారైనవి), ఆరు పెట్టెలు 108. లాట్ మారితే జీరో మళ్లీ చూడాలి.
ఇప్పటిదాకా: 1,444 డాలర్లు

ఇప్పుడున్న స్థితి

కర్రల మీద మ్యాగ్నమ్ గ్రూపులు: 50 గజాల్లో 2.0, 60లో 2.5, 75లో 3.6. ట్రిగ్గర్, స్కోపు వల్ల పాత పిస్టల్ కంటే మెరుగు, కానీ 75 ఇంకా గ్లాసు సున్నాలోకి రాలేదు. హద్దు 60 అలాగే ఉంది. జాక్‌రాబిట్‌కి ఛాతీ, మ్యాగ్నమ్. కాటన్‌టెయిల్‌కి 30 గజాల లోపు తల, ఎల్‌ఆర్ సిలిండర్.

ఎల్‌ఆర్ సిలిండర్‌తో కచ్చితత్వం కొంచెం తగ్గుతుంది, 50 గజాల్లో సంచి మీద 2.1 వచ్చింది. బారెల్ లోపలి కొలత మ్యాగ్నమ్ బుల్లెట్‌కి సరిపోయేలా ఉంటుంది, ఎల్‌ఆర్ బుల్లెట్ వెంట్రుకవాసి సన్నం. స్కోపు మీట తిప్పకుండా సిలిండర్ మార్చితే ఎక్కడ తగులుతుందో కూడా చూశా. లెక్క ప్రకారం 50 గజాల్లో ఒకటిన్నర అంగుళం కింద తగలాలి, తగిలింది ఒక అంగుళం కింద, ముప్పావు అంగుళం ఎడమకి. 25 గజాల్లో తేడా పావు అంగుళం కూడా లేదు. అందుకే తల గురిని 30 గజాలకి కుదించా, అక్కడిదాకా స్కోపు ముట్టుకోనక్కర్లేదు. ఈ రెండు అంకెలూ చిన్న కాగితం మీద రాసి ఎల్‌ఆర్ సిలిండర్ డబ్బా మూతకి లోపల అంటించాను. మీ తుపాకీకి వేరే వస్తాయి, కొలిచి రాసుకోండి.

తర్వాత చేయాల్సింది హ్యామర్ స్ప్రింగ్. తేలికది వేస్తే ట్రిగ్గర్ ఇంకా తగ్గుతుంది, కానీ ఇవి రిమ్‌ఫైర్, అంటే అడుగు అంచు మీద కొడితే పేలే తూటాలు, దెబ్బ గట్టిగా పడకపోతే పేలవు. అసలు స్ప్రింగ్ దాచి ఉంచుకుని, ఒక పెట్టె ఎల్‌ఆర్ మొత్తం పేలితేనే కొత్తది ఉంచుతా.